బొమ్మ ఆకారం ముందు, చుక్కల లెక్క తర్వాత

దసరాకో సంక్రాంతికో ఆఫర్ పెట్టారని టీవీ కొనడానికి వెళ్ళారనుకోండి. షాపులో కుర్రాడు మొదట అడిగేది "ఎన్ని ఇంచులు కావాలి సార్?" అని. రెండో మాట "ఫుల్ హెచ్‌డీనా, 4కెనా?" అని. ఆ రెంటికీ జవాబు చెప్పేస్తే ఇక మిగిలింది బేరమే. కానీ అడగాల్సిన ప్రశ్నలు ఇంకో రెండున్నాయి. మీ సోఫాకీ టీవీ పెట్టే గోడకీ మధ్య ఎన్ని అడుగులుంది? ఆ తెర మీద మీరు ఎక్కువగా చూసేదేమిటి? కొత్త సినిమాలా, క్రికెట్టా, లేక విజయావారి పాత బొమ్మలా? ఈ రెండూ తేలకుండా ఎన్ని 'కె'లు కొన్నా అది సగం కొనుగోలే అంటాను. ఎందుకో చెబుతాను, తీరిగ్గా కూర్చోండి.

ముందు రెండు సంగతులు విడదీసుకుందాం. ఒకటి బొమ్మ ఆకారం, రెండోది బొమ్మలో చుక్కల లెక్క. ముగ్గు వేసేటప్పుడు పదిహేను చుక్కలు, తొమ్మిది వరసలు అని చెప్పుకుంటాం కదా, రిజల్యూషన్ కూడా అచ్చంగా అదే. 1920 × 1080 అంటే అడ్డంగా 1920 చుక్కలు, అలాంటి వరసలు 1080. మొత్తం ఇరవై లక్షల పైచిలుకు. దీన్నే ఫుల్ హెచ్‌డీ అంటున్నాం. అడ్డానికీ నిలువుకీ ఉన్న వాటా మాత్రం వేరే విషయం. 16:9 అన్నా, 4:3 అన్నా, స్కోప్ అన్నా అది ఆకారం గురించిన మాట. చుక్కలు తగ్గితే బొమ్మ కాస్త మసకబారుతుంది, అంతే. ఆకారం చెడితే మనుషులే మారిపోతారు, లేదా తెరలోంచి మాయమైపోతారు. అందుకే ఆకారం సంగతి ముందు మాట్లాడతాను.

సినిమా పుట్టినప్పుడు బొమ్మ దాదాపు చదరంగానే ఉండేది. ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్ 1890ల మొదట్లో 35 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్ము తీసుకుని, అంచున ఉండే రంధ్రాల్లో నాలుగింటి ఎత్తు ఒక్కో బొమ్మకి కేటాయించాడు. అలా వచ్చిందే 4:3. మాటలొచ్చాక శబ్దానికి ఫిల్ము అంచున సన్నటి చార వదలాల్సి వచ్చింది. 1932లో హాలీవుడ్ అకాడమీ వాళ్ళు లెక్క సరిచేసి, ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37 అన్నారు. ఆ మార్పు చూసేవాడి కంటికి ఆనదు. మన 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్' అన్నీ ఆ చట్రంలో తీసినవే. 'మాయాబజార్'కి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే ఆ దాదాపు చదరంలోనే ఘటోత్కచుడి నిలువెత్తు విగ్రహాన్నీ, అతని చుట్టూ ఉన్న మాయనీ ఎలా అమర్చాడో చూడండి. తల పైన వదిలిన జాగాకీ ఒక పని ఉంటుంది, పాదాల కింద నేలకీ ఒక పని ఉంటుంది. ఒక్క అంగుళం తీసేసినా బొమ్మ కుంటుపడుతుంది.

టీవీ వచ్చినప్పుడు సినిమాని చూసి అదే 4:3 ఆకారం తీసుకుంది. అక్కడే సినిమావాళ్ళకి చిక్కొచ్చిపడింది. అమెరికాలో 1950ల మొదట్లో జనం ఇళ్ళల్లో టీవీల ముందు కూర్చుండిపోయారు, హాళ్ళు ఖాళీ అయ్యాయి. ఇంట్లో దొరకనిది హాల్లో ఇవ్వాలి కదా, వెడల్పు ఇచ్చారు. 1952లో మూడు ప్రొజెక్టర్లు పక్కపక్కన పెట్టి సినెరామా చూపించారు. అది ఆర్భాటమేగానీ ఊరూరా నడిచే పని కాదు. 1953లో 'ది రోబ్'తో సినిమాస్కోప్ వచ్చింది. అది మాత్రం ప్రపంచమంతా పాకింది.

దాని కిటుకు నాకు ఇప్పటికీ అబ్బురమే. ఫిల్ము అదే 35 మిల్లీమీటర్లది. ఫ్రెంచివాడు హెన్రీ క్రెతియెన్ కనిపెట్టిన లెన్సు, ఎదురుగా ఉన్న దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద పడేస్తుంది. రీలు చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూస్తే మనుషులంతా సన్నగా, పొడుగ్గా వెదురుబద్దల్లా కనిపిస్తారు. ప్రొజెక్టర్‌కి బిగించే ఇంకో లెన్సు ఆ నొక్కుని సాగదీసి, మనుషుల్ని మళ్ళీ మనుషుల్లా తెర మీద నిలబెడుతుంది. తెర మాత్రం ఇప్పుడు ఎత్తుకి రెండింతల పైనే వెడల్పు. మొదట 2.55 అన్నారు, తర్వాత 2.35కి వచ్చింది, ఇప్పుడు 2.39 అంటున్నారు. న్యూస్‌రీలు అయిపోయి స్కోప్ బొమ్మ మొదలయ్యేముందు తెరకి రెండు పక్కలా నల్లగుడ్డలు మెల్లగా జరగడం గుర్తున్నవాళ్ళు మీలో ఉండే ఉంటారు. ఆపరేటర్ లెన్సు మార్చడం మరిచిపోతే హీరో హీరోయిన్లు తాటిచెట్లంత పొడుగై కనిపించేవారు, హాలంతా ఈలలు, కేకలు.

మనదేశంలో తొలి స్కోప్ చిత్రం గురుదత్ తీసిన 'కాగజ్ కే ఫూల్', 1959లో వచ్చింది. తెలుగులో దానికోసం ఇంకో పదిహేనేళ్ళు ఆగాలి. 1974లో కృష్ణగారు పద్మాలయా పేరున తీసిన 'అల్లూరి సీతారామరాజు' మన తొలి సినిమాస్కోప్. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. దర్శకుడు వి. రామచంద్రరావు షూటింగు నడుమనే కన్నుమూస్తే మిగిలినవాళ్ళు దీక్షగా పూర్తిచేశారు. మన్యం కథకి స్కోప్ ఎంచుకోవడం ఎంత సబబైన ఆలోచనో చూడండి. కొండల వరస, దాని కింద బారుగా నడిచే గిరిజనులు, ఆ చివర తెల్లవాడి తుపాకులు. ఇదంతా 4:3లో ఇరికిస్తే కొండ ఉంటే మనిషి చీమంతవుతాడు, మనిషిని పెద్దగా చూపితే కొండ పోతుంది. స్కోప్‌లో రెండూ పక్కపక్కన నిలబడతాయి. ఆ కథ అడిగిన ఆకారం అది.

తర్వాత 70 ఎంఎం వెర్రి వచ్చింది. 1975లో 'షోలే'ని 35లోనే తీసి 70కి పెద్దది చేశారు. 1986లో కృష్ణగారే 'సింహాసనం'తో తెలుగులో 70 ఎంఎం తెచ్చారు. ఫిల్ము వెడల్పు రెట్టింపు, దాని అంచున ఆరు ట్రాకుల ధ్వని. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య 70 ఎంఎం, దేవి 70 ఎంఎం, సుదర్శన్ 35 ఎంఎం అని హాళ్ళ పేర్లలోనే ఫిల్ము కొలతలు కలిసిపోయాయి. ఒక సాంకేతికమైన కొలతని ఊరంతా ఇంటిపేరులా పలకడం మన సినిమా పిచ్చికి గుర్తు, అందుకు నాకు గర్వంగానే ఉంటుంది.

ఇంతకీ ఆ వెడల్పు బొమ్మలు టీవీకి ఎక్కినప్పుడు ఏం జరిగింది? 1975, 76ల్లో ఉపగ్రహం ద్వారా మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల పల్లెలకి టీవీ ప్రసారాలు చేసి చూశారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. 1982లో రంగులొచ్చాయి. ఇంట్లో డబ్బా మాత్రం ఎప్పుడూ 4:3యే. స్కోప్ సినిమాని ఆ డబ్బా నిండా కనబడేలా పెట్టాలంటే ఎడమా కుడీ కోసేయాలి. లెక్క వేసి చూడండి, నూటికి 43 పాళ్ళు బొమ్మ పోతుంది. దాదాపు సగం సినిమా! తెర ఈ చివర నాయకుడు, ఆ చివర విలన్, నడుమ ఖాళీగా ఉన్న మైదానం. కోత పడ్డాక మనకి దక్కేది ఆ మైదానమే, ఇద్దరి ముక్కుల కొసలూ. అందుకని చట్రాన్ని ఇటూ అటూ జరుపుతూ మాట్లాడేవాడి మీదకి తీసుకెళ్ళేవాళ్ళు. అది దర్శకుడు తిప్పిన కెమెరా కాదు, టేపు తయారుచేసిన గదిలో ఎవరో తిప్పిన కెమెరా. ఓ తరం మొత్తం ఎన్నో స్కోప్ సినిమాలని అలా సగం సగమే చూసింది. అవే సినిమాలు తర్వాత పూర్తి వెడల్పులో చూసినవాళ్ళు "ఇందులో ఈయన కూడా ఉన్నాడా!" అని ఆశ్చర్యపోవడం సహజమే.

ఇంకో చిన్న సంగతి, ఆకారానికి సంబంధం లేదుగానీ చెప్పకుండా ఉండలేను. సినిమా సెకనుకి 24 బొమ్మలు, మన టీవీ పద్ధతి సెకనుకి 25. ఆ తేడా సర్దడానికి సినిమానే కాస్త వేగంగా నడిపించేసేవాళ్ళు. మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోయేది, ఘంటసాలగారి గొంతు కూడా ఓ పిసరు పైకి పలికేది. పాట పుస్తకం పెట్టుకుని హార్మోనియం మీద టీవీతో కలిపి వాయించబోతే శ్రుతి కలవకపోవడానికి ఇదొక కారణం.

వెడల్పు టీవీల ఆలోచన వచ్చినప్పుడు ఏ ఆకారం పెట్టాలన్నది పెద్ద ప్రశ్న అయింది. 4:3 బొమ్మలున్నాయి, 1.66వి ఉన్నాయి, 1.85వి ఉన్నాయి, స్కోప్‌వి ఉన్నాయి. ఎవరి పక్షం వహించాలి? 1980ల్లో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు ఒక పని చేశాడు. ఈ ఆకారాలన్నిటికీ సమానమైన వైశాల్యం ఉండేలా దీర్ఘచతురస్రాలు గీసి, వాటి మధ్య బిందువులు కలిసేలా ఒకదాని మీద ఒకటి పెట్టాడు. అన్నీ ఇమిడే బయటి చట్రం కొలిస్తే 1.77 వచ్చింది. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి చట్రం కొలిస్తే అదీ 1.77 వచ్చింది. అదే మన 16:9. లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకి ఇంకో ముచ్చట: నాలుగు నాలుగులు పదహారు, మూడు మూళ్ళు తొమ్మిది. అంటే 4:3ని దానితోనే హెచ్చిస్తే 16:9. ఇంకోసారి హెచ్చిస్తే 64:27, అది స్కోప్‌కి దగ్గరగా వస్తుంది. 21:9 అని అమ్మే వెడల్పాటి కంప్యూటర్ మానిటర్లలో చాలావాటి అసలు కొలత ఇదే.

అందుచేత 16:9 అనేది రాజీ ఆకారం. ఏ సినిమాకీ అచ్చంగా సరిపోదు, ఏ సినిమాకీ మరీ అన్యాయం చేయదు. స్కోప్ సినిమా పెడితే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, తెరలో నాలుగో వంతు ఖాళీగా ఉంటుంది. పాత 4:3 సినిమా పెడితే ఎడమా కుడీ పట్టీలు వస్తాయి, అప్పుడూ ఖాళీ నాలుగో వంతే. ఈ పట్టీలు చూసి చాలామంది చికాకు పడతారు. అంత డబ్బు పోసి కొన్న టీవీలో తెర నిండకపోతే ఏం బాగుంటుంది అంటారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది. కానీ ఆ పట్టీలున్నాయంటే అర్థం బొమ్మ మొత్తం మీ ముందుందని. తెర నిండా రావాలని రిమోట్‌లో జూమ్ నొక్కితే స్కోప్ సినిమాలో నాలుగో వంతు పోతుంది. పాత సినిమాకి సాగదీసే సెట్టింగ్ పెడితే మనుషులు మూడో వంతు అదనంగా వెడల్పెక్కుతారు. సావిత్రమ్మ ముఖాన్ని అలా సాగదీసి చూడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ ముఖంలో ఒక్క కనుబొమ్మ కదలికకి ఎంత లెక్క ఉందో మన పెద్దలందరికీ తెలుసు.

కొన్నిసార్లు మీ టీవీ సరిగానే ఉన్నా చానెల్ వాళ్ళే సాగదీసి పంపుతారు. దానికి మనం చేయగలిగింది తక్కువ. టీవీలో 4:3 సెట్టింగ్ పెడితే సాగదీసిన బొమ్మ తిరిగి అసలు కొలతకి వస్తుంది, అది ప్రయత్నించి చూడండి. పైనా కిందా కోసి పంపితే మాత్రం ఏ సెట్టింగూ దాన్ని వెనక్కి తేలేదు.

ఇక చుక్కల దగ్గరికి వద్దాం. పాత టీవీలో కంటికి కనిపించే గీతలు 576. అవీ ఒక్కసారిగా రావు. మొదట బేసి గీతలు, తర్వాత సరి గీతలు, ఇలా సెకనుకి యాభై సగం బొమ్మలు. 1080 పక్కన 'ఐ' అని ఉంటే ఇలా విడతలుగా వచ్చేదని, 'పి' అని ఉంటే బొమ్మ మొత్తం ఒకేసారి వచ్చేదని గుర్తు. మన హెచ్‌డీ చానెళ్ళు ఇప్పటికీ ఎక్కువగా 1080ఐ పద్ధతే. వీసీడీలో ఉన్నది 352 × 288, అంటే లక్ష చుక్కలు. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ వీసీడీ ప్లేయర్ అద్దెకి తెచ్చుకుని రాత్రంతా చూసిన సినిమాలన్నీ ఆ లక్ష చుక్కల్లోనే! డీవీడీ దానికి నాలుగింతలు. 720పి తొమ్మిది లక్షల పైచిలుకు, 1080పి ఇరవై లక్షలు, 4కె ఎనభైమూడు లక్షలు, 8కె మూడు కోట్ల ముప్ఫై లక్షలు. ఇక్కడో మెలిక ఉంది. 720, 1080 అనేవి నిలువు లెక్క, 4కె అనేది అడ్డం లెక్క. అందుకే 1080 పక్కన 4కె అంటే ఎన్నో రెట్లు పెద్దదిలా వినిపిస్తుంది. నిజానికి అడ్డానికి రెట్టింపు, నిలువుకి రెట్టింపు. పైగా ఇంట్లో 4కె టీవీలో అడ్డంగా ఉండేవి 3840 చుక్కలు. సినిమాహాలు వాళ్ళ 4కెలో 4096.

మరి ఈ చుక్కలన్నీ మన కంటికి కనబడతాయా? ఆరోగ్యంగా ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా వేరుచేసి చూడగలదు. అంతకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కలిసి ఒకటిగా కనిపిస్తాయి. ఈ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీ తెరకి దాని ఎత్తుకి మూడు రెట్ల పైచిలుకు దూరంలో కూర్చుంటే చుక్కలు విడిగా కనబడవు. 4కెకి అందులో సగం దూరం. 43 ఇంచుల టీవీ ఎత్తు సుమారు 21 అంగుళాలు. అంటే అయిదున్నర అడుగుల అవతల కూర్చున్నవాడికి ఫుల్ హెచ్‌డీ సరిపోతుంది. దాని మీద 4కె తేడా పూర్తిగా తెలియాలంటే మూడడుగుల దగ్గరకి జరగాలి. మన ఇళ్ళల్లో హాలు పది, పన్నెండు అడుగులుంటుంది, సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. కన్నుకీ టీవీకీ మధ్య ఎనిమిది, తొమ్మిది అడుగులు. ఆ దూరంలో 55 ఇంచుల దాకా ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా చుక్కల వల్ల కనిపించదు. 65 దాటాక కొద్దికొద్దిగా మొదలవుతుంది. వంటింటి పక్కన పెట్టుకునే 32 ఇంచుల టీవీకి ఆరడుగుల దూరముంటే 'హెచ్‌డీ రెడీ', అంటే 720పి స్థాయి తెర, చాలు.

అలాగని 4కె కొనొద్దనడం లేదు. ఇప్పుడు 43 ఇంచుల పైన దొరికేవి ఎక్కువ 4కెలే. నేను చెప్పేదేమిటంటే, రెండు టీవీల మధ్య ఎంచుకోవాల్సి వస్తే చుక్కల లెక్క మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. షాపులో అతన్ని చీకటి సన్నివేశం ఒకటి పెట్టమనండి. నలుపు నల్లగా ఉందా, బూడిద రంగులో ఉందా? దీపం పక్కన ముఖం మీది చర్మం చర్మం రంగులోనే ఉందా? కొంచెం పక్కకి జరిగి చూస్తే రంగులు వెలిసిపోతున్నాయా? షాపుల్లో ఎప్పుడూ చిలకలు, పండ్లు, సముద్రాలు ఉన్న మెరుపు వీడియోలే ఆడిస్తుంటారు. వాటిలో ఏ టీవీ అయినా బాగానే ఉంటుంది.

చుక్కల కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది, సెకనుకి ఎంత సమాచారం వస్తోందన్నది. ఫుల్ హెచ్‌డీ బొమ్మని ఏమీ కుదించకుండా సెకనుకి 24 చొప్పున పంపాలంటే సెకనుకి దాదాపు 1,200 మెగాబిట్లు కావాలి. ఇంటర్నెట్‌లో మనకి అదే సినిమా అయిదు మెగాబిట్లలో వస్తుంది. అంటే రెండువందల నలభై పాళ్ళల్లో ఒక పాలు. మిగతాదంతా కుదించేటప్పుడు వదిలేసి, చూపించేటప్పుడు ఊహించి నింపుతున్నారు. ఇద్దరు నిలబడి మాట్లాడుకునే సన్నివేశంలో ఆ ఊహ బాగానే నడుస్తుంది. పూలు కురిసే పాటలో, వానలో, హోమం పొగలో తేలిపోతుంది. ముఖాలు గళ్ళుగళ్ళుగా విడిపోతాయి. ఫైలు పేరులో 4కె అని రాసి ఉన్నా, రెండున్నర గంటల సినిమా ఏ ఒకటిన్నర జీబీలోనో ఉందంటే దానికన్నా మంచి 720పి నయం. ఫోన్‌లో చూసేవాళ్ళకి మరీ చెబుతున్నాను. అడుగు దూరంలో పట్టుకుని చూసే తెరకి 720పి దాదాపు చాలు. అంతకుమించి పెట్టుకుంటే డేటా ఖర్చే, కంటికి దక్కేది అతి స్వల్పం.

చుక్కల కన్నా వచ్చే సమాచారమే ముఖ్యమన్నదానికి గట్టి సాక్ష్యం సినిమాహాలే ఇస్తుంది. మన హాళ్ళల్లో చాలా ప్రొజెక్టర్లు 2కెవి. స్కోప్ సినిమాకి అందులో వాడేది 2048 × 858 చుక్కలు. గుణించి చూడండి, పదిహేడున్నర లక్షలు. మీ ఇంట్లో ఫుల్ హెచ్‌డీ టీవీలో ఉన్నవాటి కన్నా తక్కువ! అయినా యాభై అడుగుల తెర మీద అంత బాగా ఎలా ఉంటోంది? అక్కడ ఒక్కో బొమ్మని విడివిడిగా కుదిస్తారు, సెకనుకి 250 మెగాబిట్ల దాకా అనుమతి ఉంది, రంగుల మెట్లు ఇంటి టీవీ చానెల్‌లో వచ్చేవాటికన్నా చాలా ఎక్కువ. పైగా చీకటి హాలు. కాబట్టి "4కెలో చూశాం" అన్న మాటకన్నా "చీకట్లో, పూర్తి వెడల్పులో చూశాం" అన్న మాటకే నేను ఎక్కువ విలువిస్తాను.

2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి 'పోకిరి' మళ్ళీ విడుదలయ్యాక 4కె రీరిలీజుల జోరు మొదలైంది. 'జల్సా', 'ఖుషి' అన్నీ వరసగా వచ్చాయి. పాత సినిమాకి 4కె ఎక్కడిది అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్న. 35 ఎంఎం నెగెటివ్ బాగా ఉంటే అందులో దాదాపు 4కెకి సరిపడా వివరం నిజంగానే ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి, మళ్ళీ స్కాన్ చేస్తే, విడుదలైననాడు హాల్లో ప్రింటు మీద కనబడనివి కూడా ఇవాళ కనబడతాయి, చీర అంచు జరీ పోగులతో సహా. నెగెటివ్ లేక, ఏ టీవీ టేపు నుంచో డీవీడీ నుంచో తీసి చుక్కలు పెంచితే అది పేరుకే 4కె. కంప్యూటర్ నునుపు చేసిన ముఖాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి. అందువల్ల మన నిర్మాతలకీ వారసులకీ ఒక మనవి ఎప్పుడూ చెయ్యాలనిపిస్తుంది: నెగెటివ్ డబ్బాలు చల్లగా, పొడిగా ఉండే చోట దాచండి. అసలు ఆస్తి అదే.

ఫోన్ గురించి కొంచెం. ఇవాళ్టి ఫోన్లు 20:9 ఆకారంలో, స్కోప్‌కి దగ్గరగా ఉన్నాయి. స్కోప్ సినిమా వాటి మీద ముచ్చటగా కుదురుతుంది. కానీ 16:9 వీడియోని రెండు వేళ్ళతో సాగదీసి తెర నింపితే పైనా కిందా కలిపి అయిదో వంతు పోతుంది. క్రికెట్ చూస్తూ అలా చేస్తే స్కోరు పట్టీ ఎగిరిపోతుంది, అప్పుడు వెంటనే తెలుస్తుంది. సినిమాలో పోయింది తెలియదు, అదే దాని ప్రమాదం. ఇక ఫోన్ నిలువుగా పట్టుకుని తీసే 9:16 వీడియోలంటే నాకు పెద్దగా విరోధం లేదు. ఒక్క మనిషి నాట్యం చేస్తుంటే తల నుంచి గజ్జెల దాకా ఆ చట్రం చక్కగా పట్టుకుంటుంది. పెళ్ళి మండపాన్ని మాత్రం అలా తీయకండి. పంతులుగారు, వధూవరులు, అటు కన్యాదానం చేసేవాళ్ళు, ఇటు మగపెళ్ళివారు. అది అడ్డంగా పరుచుకున్న దృశ్యం. జీలకర్రా బెల్లం వేళ అమ్మ ముఖం చట్రం బయట ఉండిపోతే తర్వాత తెచ్చుకోలేం.

పెళ్ళి అనుకున్నాం కాబట్టి చివరగా ఒక పని అప్పజెబుతాను. 1980, 90ల్లో పెళ్ళిళ్ళయిన ఇళ్ళల్లో బీరువా పైన వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉంటాయి. ఆ టేపు మీది అయస్కాంత పూత ఏడాదికేడాది బలహీనపడుతుంది, మన ఎండలకీ తేమకీ ఇంకా త్వరగా. వీసీఆర్ల తయారీ జపాన్‌లో చివరి కంపెనీ కూడా 2016లో ఆపేసింది, ఆడించే మిషన్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. క్యాసెట్‌ని డిజిటల్‌లోకి మార్చే స్టూడియోకి వెళ్ళినప్పుడు మూడు మాటలు గట్టిగా చెప్పండి. బొమ్మ 4:3లోనే ఉండాలి, వెడల్పు టీవీ కోసమని సాగదీయొద్దు, కోయొద్దు. గీతలు 576 అలాగే ఉంచండి, హెచ్‌డీ చేస్తామంటే అది వేరే ఫైలుగా ఇవ్వండి. కుదించని మొదటి ఫైలు కూడా మాకే ఇవ్వండి. ఆ ఫైలుని రెండు చోట్ల దాచుకుని, క్యాసెట్ పారేయకుండా ఇంటికి తెచ్చుకోండి. ఈ నెలలోనే ఆ క్యాసెట్లు కిందకి దించండి.